ముందొచ్చే బండిలో ఏముండాలి?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ర్యాపిడ్ రెస్పాన్స్ వెహికల్ గురించి మీరు అడిగిన ప్రశ్నలకు ఈసారి జవాబులు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు అంబులెన్స్ కంటే ముందు మనిషిని, సామాన్లను రోగి దగ్గరికి చేర్చే చిన్న బండి ఇది. రోగిని ఇందులో ఎక్కించుకుపోరు. ఇలాంటి బండ్లలో చాలాకాలం పారామెడిక్‌గా పనిచేశాను. ఇప్పుడు వాటిని సిద్ధం చేయించడం, అందులో వెళ్లేవాళ్లకు తర్ఫీదు ఇవ్వడం నా పని. పొడవైన ఉత్తరాలను కొంచెం కుదించాను.

ప్రశ్న: మా నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చిందని ఫోన్ చేస్తే ముందు ఒక కారు వచ్చింది. అందులో ఒక్కరే ఉన్నారు, స్ట్రెచర్ లేదు. అంబులెన్స్ వచ్చేదాకా నాన్నగారిని లేవనివ్వలేదు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నారు. కానీ ఆ సమయమంతా వృథా అయిందేమో, మా కారులో మేమే తీసుకెళ్తే బాగుండేదేమో అన్న సందేహం నన్ను వదలడం లేదు. — ఒక పాఠకురాలు

జవాబు: వృథా కాలేదమ్మా. ఆ వచ్చినవారు మీ ఇంట్లో ఏం చేసి ఉంటారో చెబుతాను. ముందు ఛాతీకి, చేతులకు, కాళ్లకు తీగలు అంటించి ఈసీజీ తీసి ఉంటారు. గుండెపోటు లక్షణాలు కనిపిస్తే నమలడానికి ఆస్పిరిన్ ఇచ్చి ఉంటారు. బీపీ, ఆక్సిజన్ శాతం చూసి, మందు ఎక్కించడానికి వీలుగా చేతికి సూది పెట్టి ఉంటారు. వీటన్నిటికంటే పెద్ద పని మీ కంటికి ఆని ఉండదు. గుండెకు షాక్ ఇచ్చే మెషీన్, అంటే డీఫిబ్రిలేటర్‌ను, చేతికందేంత దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. గుండెపోటు మొదలైన తొలి గంటల్లో లయ తప్పి గుండె ఒక్కసారిగా ఆగిపోయే ప్రమాదం ఎక్కువ. అలా ఆగాక, ఛాతీ నొక్కడం గానీ షాక్ ఇవ్వడం గానీ జరగకపోతే, గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతూ పోతుంది. అదే మీ కారు వెనక సీట్లో, ట్రాఫిక్ మధ్య జరిగి ఉంటే ఆయనకు సాయం చేసేవాళ్లు ఉండేవారు కాదు.

ఆయన్ని నడవనివ్వకపోవడం కూడా వైద్యంలో భాగమే. రక్తం సరిగా అందని గుండెకు మెట్లు దిగడం పెద్ద బరువు. ఇంకో లాభం కూడా ఉంది. ఈసీజీ ఇంట్లోనే తీయడం వల్ల, మూసుకుపోయిన రక్తనాళాన్ని వెంటనే తెరవగలిగే ఆసుపత్రికి అంబులెన్స్ నేరుగా వెళ్లగలదు. ముందు ఒక చోటికి, అక్కడినుంచి ఇంకో చోటికి తిప్పే పని తప్పుతుంది.

వైద్యాన్నే రోగి దగ్గరికి పంపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. 1964లోనే జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో డాక్టరును ఒక ఫోక్స్‌వాగన్ బీటిల్ కారులో పంపేవారు, అంబులెన్స్ వేరుగా వెళ్లి ఆయన్ని రోగి దగ్గర కలిసేది. ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే గుండె వైద్యుడు 1966లో డీఫిబ్రిలేటర్‌ను అంబులెన్స్‌లో ఎక్కించి రోడ్డు మీదికి తెచ్చాడు. కారు బ్యాటరీలతో నడిచే ఆ యంత్రం బరువు దాదాపు 70 కిలోలు. ఇవాళ వాలంటీర్ భుజాన వేసుకెళ్లే ఏఈడీ, అంటే షాక్ అవసరమో కాదో తానే చూసి చెప్పే చిన్న డీఫిబ్రిలేటర్, రెండు మూడు కిలోలే.

ఒక్క షరతు ఉంది. కారును పంపిన క్షణంలోనే అంబులెన్స్ కూడా బయల్దేరాలి. మీ విషయంలో అలాగే జరిగినట్టుంది.

ప్రశ్న: మా స్వచ్ఛంద సంస్థకు దాతలు ఒక కారు ఇస్తామన్నారు. దాన్ని రెస్పాన్స్ బండిగా మార్చాలని మా ఆలోచన. ఏయే పరికరాలు కొనాలో జాబితా పంపగలరా? — ఒక సంస్థ కార్యదర్శి

జవాబు: పంపుతాను. అంతకంటే ముందు మీరు నాకొకటి చెప్పాలి. ఆ బండిలో కూర్చునేది ఎవరు? ప్రథమ చికిత్స నేర్చుకున్న వాలంటీరా, పారామెడిక్కా, డాక్టరా? జాబితా మొత్తం ఆ జవాబు మీదే ఆధారపడి ఉంటుంది. వాడటం రాని పరికరం బండికి బరువు, చూసేవాళ్లకు ఉత్తుత్తి ధైర్యం. వాలంటీర్లే వెళ్తారనుకుంటే ఏఈడీ, ఆంబూ బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి), ఆక్సిజన్, సక్షన్, టోర్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే పట్టీ), గట్టిగా ఒత్తి కట్టే కట్లు, పల్స్ ఆక్సీమీటర్, షుగర్ మీటర్, గ్లూకోజ్ చాలు. ఇది చిన్న జాబితాలా కనిపిస్తుంది గానీ, మొదటి పది నిమిషాల్లో ప్రాణం నిలిపేవి చాలావరకు ఇందులోనే ఉన్నాయి. పారామెడిక్ అయితే పన్నెండు లీడ్ల ఈసీజీ తీసే మానిటర్, గొంతులో అమర్చే ఎయిర్‌వే గొట్టాలు, నెబ్యులైజర్, కటి ఎముక విరిగితే తుంటి చుట్టూ బిగించే బైండర్, మందుల సంచి అదనం. డాక్టర్ వెళ్తే వెంటిలేటర్, మత్తు మందుల దాకా పోవచ్చు.

సక్షన్‌ను కావాలనే ప్రస్తావించాను. నేను తనిఖీ చేసే బండ్లలో ఎక్కువగా మర్చిపోయేది అదే. ఖరీదైన మానిటర్ ఉంటుంది, గొంతులో వాంతి అడ్డుపడితే లాగే సాధనం ఉండదు. చేత్తో నొక్కే పంపు అయినా సరే, పెట్టండి.

ఇక ఆక్సిజన్. ఎన్ని సిలిండర్లు కావాలో మీరే లెక్క వేసుకోవచ్చు. 460 లీటర్లు పట్టే చిన్న సిలిండర్‌ను తీసుకోండి. మాస్కుకు నిమిషానికి 15 లీటర్లు వదిలితే అది అరగంట వస్తుంది, అదీ నిండుగా ఉంటేనే. మీ ప్రాంతంలో అంబులెన్స్ రావడానికి నలభై నిమిషాలు పట్టే రోజులు ఉంటే ఒక్క సిలిండర్‌తో బయల్దేరడం తప్పు. సిలిండర్ మూతి దగ్గర నూనె, గ్రీజు, చేతులకు రాసుకునే జెల్ తగలనివ్వకండి. ఆక్సిజన్‌తో కలిస్తే నిప్పు అంటుకుంటుంది. సిలిండర్‌ను డిక్కీలో దొర్లేలా ఎప్పుడూ వదలకండి.

దొర్లడం అంటే గుర్తొచ్చింది. రోగుల్ని తీసుకెళ్లే అంబులెన్సులకు యూరప్‌లో ఈఎన్ 1789 అనే ప్రమాణం ఉంది. లోపల ఉన్న ప్రతి వస్తువూ 10 జీ తాకిడికి, అంటే తన బరువుకు పది రెట్ల బలానికి, ఊడి రాకుండా బిగించి ఉండాలని అది చెబుతుంది. మీ కారుకు ఆ ప్రమాణం వర్తించినా వర్తించకపోయినా ఆ లెక్క మనసులో పెట్టుకోండి. ఎనిమిది కిలోల మానిటర్ ఆ తాకిడిలో ఎనభై కిలోల బరువుతో ముందుకు దూసుకొస్తుంది, ఎదురుగా ఉండేది నడిపేవారి తల. డిక్కీకి, సీట్లకు మధ్య గట్టి జాలీ పెట్టించండి. సామాను అరల్ని కారు చట్రానికి బోల్టులతో బిగించండి. బంజీ తాళ్లతో కట్టి సరిపెట్టిన బండిలో నేనైతే ఎక్కను.

కారు మోయగలిగే మొత్తం బరువెంతో కంపెనీవాళ్లే రాసి ఇస్తారు. మనుషులు, సామాను, సిలిండర్లు, రెండో బ్యాటరీ, పైకప్పు మీది లైట్లు, అన్నీ కలిపి ఆ అంకె దాటకూడదు. దాటితే బ్రేకు వేసినప్పుడు బండి ఆగాల్సిన చోట ఆగదు. అందుకే సర్దడం పూర్తయ్యాక వేబ్రిడ్జి మీద తూకం వేయించమని అందరికీ చెబుతాను.

రెండో బ్యాటరీ అన్నాను కదా, అది తప్పనిసరి. లైట్లు, రేడియో, ఛార్జర్లు, మందుల ఫ్రిజ్ అన్నీ ఇంజిన్ బ్యాటరీనే పీల్చుకుంటే, రోగి ఇంటిముందు ఆపిన బండి మళ్లీ స్టార్ట్ కాదు. ఇంజిన్‌ను స్టార్ట్ చేసే బ్యాటరీని వేరుగా కాపాడే స్ప్లిట్ ఛార్జ్ ఏర్పాటు చేయించండి. తాళం తీసేసినా ఇంజిన్ నడుస్తూనే ఉండి, ఎవరైనా బండిని కదిలించబోతే ఆగిపోయే రన్‌లాక్ అనే ఏర్పాటు కూడా దొరుకుతుంది. రోడ్డు మీద లైట్లు వెలిగించి ఉంచి లోపలికి వెళ్లాల్సినప్పుడు అది ఎంత ధీమా ఇస్తుందో చెప్పలేను. స్టేషన్‌లో ఉన్నంతసేపూ బండిని కరెంటు ప్లగ్గుకు తగిలించి ఉంచండి.

మందుల విషయంలో నాకు పట్టింపులు ఎక్కువ. ఎండలో మూసి ఉంచిన కారు లోపల వేడి 50 డిగ్రీలు దాటగలదు. అడ్రినలిన్‌లాంటి మందుల పెట్టెల మీద 25 డిగ్రీల లోపు, వెలుతురు తగలకుండా ఉంచమని రాసి ఉంటుంది. వేడికి డీఫిబ్రిలేటర్ ప్యాడ్ల మీది జిగురు కూడా ఎండిపోతుంది. బండి నీడలో ఉండాలి, మందుల సంచి పక్కన థర్మామీటర్ ఉండాలి, షిఫ్టు ముగిసినప్పుడు మందులు గదిలోకి పోవాలి. అడ్రినలిన్ రెండు రకాల గాఢతల్లో వస్తుంది. అలర్జీ షాక్‌కు కండలో ఇచ్చేది మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము. గుండె ఆగినప్పుడు నరంలో ఇచ్చేది సాధారణంగా పది మిల్లీలీటర్లలో ఒక మిల్లీగ్రాము. ఈ రెండింటినీ ఒకే అరలో పెట్టకండి. అర్ధరాత్రి, టార్చి వెలుగులో, పక్కన ఇంటివాళ్లు ఏడుస్తుండగా లేబుల్ చదివే పరిస్థితి వస్తుంది. వేర్వేరు రంగు సంచుల్లో, వేర్వేరు జేబుల్లో ఉంచండి.

సంచుల్ని వస్తువుల్ని బట్టి కాకుండా సమస్యను బట్టి సర్దండి. ఊపిరికి ఒకటి, రక్తస్రావానికి ఒకటి, మందులకు ఒకటి, పిల్లలకు, కాన్పుకు ఒకటి. పిల్లల సంచిలో పొడవును బట్టి బరువును, మందు మోతాదును చూపించే టేపు పెట్టండి. కంగారులో లెక్కలు వేయాల్సిన పని ఉండదు. ఏ సంచి అయినా సర్దాక నంబరున్న ప్లాస్టిక్ సీలు వేయండి. సీలు తెగి ఉంటే వాడినట్టు లెక్క. సీలు బాగానే ఉన్నా ప్రతి షిఫ్టు మొదట్లో సిలిండర్ గేజి, డీఫిబ్రిలేటర్ సెల్ఫ్ టెస్టు, సక్షన్ లాగుతోందో లేదో మాత్రం చేత్తో చూడాల్సిందే.

ప్రశ్న: కారుకు బదులు బైకు సరిపోదా? — ఒక విద్యార్థి

జవాబు: ఇరుకు సందులు, కదలని ట్రాఫిక్ ఉన్న చోట కారు కంటే బైకే మేలు. లండన్ అంబులెన్స్ సర్వీసు బైకులతో పాటు సైకిళ్ల మీద కూడా పారామెడిక్కులను పంపుతుంది. ఏఈడీ, చిన్న ఆక్సిజన్ సిలిండర్, ఆంబూ బ్యాగ్, కొన్ని మందులు బైకు పెట్టెల్లో పడతాయి. భారీ వానలో, దూరాలకు, రాత్రి హైవే మీదికి పంపకూడదు.

ప్రశ్న: నేను రెస్పాన్స్ బండి నడుపుతాను. సైరన్ వేసినా జనం పక్కకు జరగరు. ఆలస్యమైతే రోగి ఏమైపోతాడోనని ఒకటే టెన్షన్. ఇంకా వేగంగా వెళ్లడానికి ఏం చేయాలి? — ఒక డ్రైవర్

జవాబు: తమ్ముడూ, మీ తపన నాకు అర్థమవుతుంది. కానీ యాక్సిలరేటర్ దగ్గర మీరు సంపాదించే సమయం అనుకున్నంత ఉండదు. సైరన్, లైట్లతో వెళ్తే మిగిలే సమయాన్ని చాలా చోట్ల కొలిచి చూశారు. సాధారణంగా అది కొద్ది నిమిషాలే, పట్టణ ప్రాంతాల్లో కొన్నిసార్లు నిమిషం కూడా కాదు. ఆ కొద్ది నిమిషాలూ గుండె ఆగినవాడికి, ఊపిరి ఆడనివాడికి విలువైనవి. కాలు బెణికినవాడికి కావు. అలాంటప్పుడు సైరన్ వేయకుండా మామూలుగా వెళ్లే నియమం మీ సర్వీసులో ఉందో లేదో అడగండి.

ప్రమాదాలు ఎక్కువగా జరిగేది కూడళ్లలో. ఎర్ర లైటు దాటే హక్కు చట్టం మీకు ఇచ్చినా, పూర్తిగా నెమ్మదించి, ఒక్కో వరుసలోని డ్రైవరూ మిమ్మల్ని చూశాడని రూఢి చేసుకున్నాకే కదలండి. కూడలికి ముందు సైరన్ రాగం మార్చండి. సాగదీసే రాగానికి అలవాటుపడ్డ చెవి, గబగబా మోగే రాగం రాగానే తలతిప్పుతుంది. మీ వెనకే అంబులెన్స్ వస్తుంటే ఇంకా జాగ్రత్త. ఒక బండి వెళ్లిపోగానే దారి ఖాళీ అయిందనుకుని జనం మళ్లీ రోడ్డెక్కుతారు, రెండో బండి వాళ్లను గుద్దుతుంది. ఇద్దరూ ఒకే రకం సైరన్ వేయకండి, మధ్యలో దూరం ఉంచండి.

సమయం నిజంగా దొరికేది వేరే చోట్ల. బండి ఎక్కడ నిలిపి ఉంచారు? ఫోన్ వచ్చాక ఎంతసేపటికి కదిలింది? చిరునామా సరిగ్గా చెప్పారా? గేటు దగ్గర ఎవరైనా నిలబడ్డారా? వీటిలో ఒక్కోటి నిమిషాలు తినేస్తుంది. మీ కంట్రోల్ రూమ్‌తో కూర్చుని వీటి గురించి మాట్లాడండి.

ప్రశ్న: నేను కంట్రోల్ రూమ్‌లో పనిచేస్తాను. ఎనిమిది నిమిషాల్లో చేరామని చూపించడానికి దగ్గర్లో ఉన్న కారును పంపేస్తున్నారు. అంబులెన్స్ ఎప్పటికో వస్తుంది. ఇది సరైనదేనా? — పేరు రాయవద్దన్న పాఠకుడు

జవాబు: సరైనది కాదు. ఇలా జరుగుతుందని ఇంగ్లండ్ అనుభవం ముందే చూపించింది. అక్కడ ప్రాణాపాయం ఉన్న కాల్స్‌లో 75 శాతానికి ఎనిమిది నిమిషాల్లో చేరాలన్న లక్ష్యం చాలా ఏళ్లు ఉండేది. మొదట చేరినది కారైనా, సైకిలైనా ఆ సమయాన్ని లెక్కించే గడియారం ఆగేది. దాంతో గడియారం ఆపడానికే బండ్లు పంపడం, ఒకే కాల్‌కు రెండు మూడు పంపి మధ్యలో వెనక్కి పిలవడం అలవాటైంది. లెక్కల్లో సమయానికి చేరినట్టే, రోగి మాత్రం ఆసుపత్రికి వెళ్లే బండి కోసం ఎదురుచూస్తూ ఉండేవాడు. 2017లో ఆ పద్ధతిని మార్చారు. అత్యంత ప్రాణాపాయం ఉన్న మొదటి కేటగిరీకి సగటున 7 నిమిషాలు, పదింట తొమ్మిదింటికి 15 నిమిషాల్లోపు అని పెట్టారు. స్ట్రోక్, గుండెపోటు లాంటి రెండో కేటగిరీకి సగటు లక్ష్యం 18 నిమిషాలుగా పెట్టారు. అయితే రోగిని తరలించాల్సిన కేసైతే, ఈ కేటగిరీలో తరలించే బండి చేరినప్పుడే గడియారం ఆగుతుంది. పెద్ద ప్రాణాపాయం కాని కాల్స్‌లో అవసరం ఏమిటో తెలుసుకోవడానికి ఫోన్ ఎత్తినవారికి ఇంకాస్త సమయం కూడా ఇచ్చారు, గరిష్ఠంగా 240 సెకన్లు.

స్ట్రోక్‌నే చూడండి. మెదడులో గడ్డ కట్టిందా, రక్తం చిమ్మిందా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల్లోపు పడాలి. కారులో వెళ్లిన పారామెడిక్ షుగర్ చూస్తాడు, ఊపిరి చూస్తాడు, ఆసుపత్రికి ముందే కబురు పెడతాడు. అంతకుమించి అతని చేతిలో లేదు. అక్కడికి కారును ఒంటరిగా పంపడమంటే రోగి సమయాన్ని తీసి మన రిజిస్టర్‌లో రాసుకోవడమే. గుండె ఆగడం, ఊపిరాడకపోవడం, పెద్ద రక్తస్రావం, అలర్జీ షాక్, ఆగని మూర్ఛ, ఇవీ కారుకు తగిన కాల్స్. వీటికి కూడా రెండూ కలిసి కదలాలి. మీ పై అధికారులకు ఒక్కటి సూచించండి. మొదటి బండి చేరిన సమయంతో పాటు, రోగిని తీసుకెళ్లే బండి చేరిన సమయాన్ని కూడా పక్కనే ఇంకో గడిలో రాయమని. ఆ రెండు అంకెల మధ్య తేడా కనపడితే చర్చ దానంతట అదే మొదలవుతుంది.

ప్రశ్న: పారామెడిక్ కోర్సు పూర్తవుతోంది. రెస్పాన్స్ కారులో ఒంటరిగా వెళ్లే డ్యూటీ రావచ్చంటున్నారు. ఒక్కదాన్నే అంతా చేయగలనా అని భయంగా ఉంది. — ఒక విద్యార్థిని

జవాబు: ఒక్కదానివే అంతా చేయాలనుకోకమ్మా, అప్పుడు భయం సగం తగ్గుతుంది. నీ మొదటి పని దారిలోనే మొదలవుతుంది. అంబులెన్స్ ఎంత దూరంలో ఉందో రేడియోలో అడుగు. ఇరవై నిమిషాలంటే ఒక రకంగా, నాలుగు నిమిషాలంటే ఇంకో రకంగా పనిచేస్తావు. అక్కడికి చేరాక అంబులెన్స్ రావడానికి, తిరిగి వెళ్లడానికి దారి వదిలి బండి ఆపు. గుమ్మం ముందు నీ కారు, నూరు గజాల అవతల అంబులెన్స్ ఉంటే స్ట్రెచర్ మోసేవాళ్లు నిన్ను తిట్టుకుంటారు. రోడ్డు ప్రమాదమైతే నీకు, వచ్చే వాహనాలకు మధ్య అడ్డుగా, ఏటవాలుగా ఆపు. ముందు మెరిసే జాకెట్ వేసుకో, తర్వాతే దిగు.

మొదటిసారి లోపలికి వెళ్లేటప్పుడే మానిటర్, ఊపిరి సంచి, మందుల సంచి, సక్షన్ తీసుకెళ్లు. కారు దగ్గరికి మళ్లీ పరిగెత్తే వీలుండదు. వాటి మొత్తం బరువు ఇరవై కిలోలు దాటొచ్చు, అందుకే గుమ్మంలో కనపడిన మొదటి మనిషి చేతిలో ఒక సంచి పెట్టు. గదిలోకి వెళ్లగానే బయటికి వెళ్లే దారి చూసుకో, దానికి నీకు మధ్య ఎవరూ నిలబడకుండా చూడు. గొడవ జరిగిన ఇల్లని అనుమానం వస్తే పోలీసులు వచ్చేదాకా దూరంగా ఆగు. రేడియో మీది ఎమర్జెన్సీ బటన్ ఎక్కడుందో చూడకుండా నొక్కగలిగేలా ఇప్పుడే అలవాటు చేసుకో.

గుండె ఆగిన రోగి అయితే ఇంట్లో ఉన్నవాళ్లే నీ బృందం. ఛాతీ నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు. రెండు నిమిషాలకే ఎవరి చేతులైనా అలసిపోతాయి, లోతు తగ్గుతుంది. కొడుకునో, పక్కింటివాళ్లనో కూర్చోబెట్టి, నీ చేతులతో చూపించి, నొక్కమను. ఇంకొకరిని గేటు దగ్గరికి పంపు, ఒకరిని లిఫ్ట్ పట్టుకోమను. నువ్వు ముందు షాక్ సంగతి చూడు, తర్వాత ఊపిరి, ఆ తర్వాత సూది. అలా చేయి కలిపినవాళ్లకు తర్వాత కొంచెం ఊరట కూడా దొరుకుతుంది. ఏమీ చేయకుండా నిలబడి చూసినవాళ్ల కంటే వాళ్లే తేలిగ్గా ఉండటం నేను చూశాను.

అంబులెన్స్ వాళ్లు రాగానే అర నిమిషంలో చెప్పాల్సింది చెప్పు. వయసెంత, ఎప్పుడు మొదలైంది, ఏం జరిగింది, నీకు ఏం కనిపించింది, బీపీ, నాడి, ఆక్సిజన్ ఎంత, నువ్వేం ఇచ్చావు. ఇచ్చిన మందుల పేర్లు, సమయం చేతి గ్లౌజు మీదైనా సరే రాసిపెట్టుకో. తర్వాత బండి దగ్గరికి వెళ్లి, వాడినవి భర్తీ చేసి, సంచులకు సీలు వేశాకే ఖాళీ అయ్యానని కంట్రోల్ రూమ్‌కు చెప్పు. తొందర పెట్టినా సరే, అంతకుముందు చెప్పొద్దు.